ఎదురుగా స్టూలు వేసుకున్న మనిషి

మంగళవారం పొద్దున ఏడింటికి మా లైట్ల మేస్త్రి నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పుడే పాలు స్టవ్ మీద పెట్టాను. ఆ నంబరు నుంచి నాకు ఫోన్ రావడం ఈ అయిదేళ్లలో అదే మొదటిసారి. రోజూ సాయంత్రం నేను చేసేదాన్ని, ఆయన రెండు రింగులకి కట్ చేసేవాడు. మా మధ్య ఫోన్ అంటే అంతే. ఆ రోజు మాత్రం రింగు ఆగకుండా మోగింది. ఎత్తితే ఆయన భార్య.

"టీచరమ్మా, మీ అన్న పొద్దున లేవలేదమ్మా" అంది.

వెనకాల పాలు పొంగి స్టవ్ ఆరిపోయిన వాసన వచ్చింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. ఊళ్లో పెద్ద పేరున్న మనిషేమీ కాదు. మా బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, రాబర్ట్‌సన్‌పేట నుంచి ఆండర్సన్‌పేటకి పోయే దారిలో ఒంటి షట్టరు కొట్టు, లోపల ఒక బల్ల, గోడ నిండా వైర్లు. కొట్టు వెనకే ఇల్లు. కార్లకీ వ్యాన్లకీ లైట్లు, హారన్లు, బ్యాటరీలు చూసేవాడు. కొట్టుకి బోర్డు కూడా ఉండేది కాదు. పాత కార్ల హెడ్‌లైట్లు తీసి ఎల్‌ఇడి పెట్టడంలో ఆయనకి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి కోసం టేకల్ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు కొందరు. ఆ చాదస్తం మాకొద్దని పారిపోయేవాళ్లు చాలామంది. నేను మాత్రం ఒక తప్పు చేసి ఆయన దగ్గరికి పోయాను.

మా ఆయన పోయిన మరుసటి ఏడాది అది. మాకు పిల్లలు లేరు. మిగిలింది నేనూ, ఆయన తెల్ల అంబాసిడరూ. నేను కామసముద్రం హైస్కూల్లో లెక్కల టీచర్ని. కె.జి.ఎఫ్. నుంచి రోజూ ఆ కారులోనే పోయి వస్తాను. సాయంత్రం పదో తరగతి వాళ్లకి స్పెషల్ క్లాసు ముగించుకుని బయల్దేరేసరికి మసక పడేది. ఆ ఏడాదే నా రెండు కళ్లలోనూ శుక్లాలు మొదలయ్యాయని డాక్టరమ్మ చెప్పింది. ఇంకా ముదరలేదు, ఆపరేషన్‌కి ఆగాలి అంది. పాత పసుపు దీపాల వెలుతుర్లో రోడ్డు అంచు ఎక్కడో, రాగి చేను ఎక్కడో నాకు తెలిసేది కాదు. అందరూ ఒకటే మాట, ఆ కారు అమ్మేసి బస్సులో పో అని.

బస్సులో పోవచ్చు. బంగారంలాంటి బస్సు ఉంది. కానీ కారు అమ్మేస్తే ఆ ఇంటి ముందు నా కోసం నిలబడి ఉండేది ఇంకేదీ లేదు. ఆదివారం మధ్యాహ్నం ఏమీ తోచక, కారులో కూర్చుని తలుపు వేసుకుని పేపరు చదువుకున్న రోజులున్నాయి. నవ్వుకుంటే నవ్వుకోండి. పక్కసీటు ఖాళీగా ఉన్నా అది ఎవరి సీటో తెలిసిన చోటు ఆ కారు ఒక్కటే.

అందుకని ఒక పెళ్లికి ముళబాగిలు పోయినప్పుడు, హైవే పక్కన కనిపించిన ఒక కొట్టులో తెల్ల ఎల్‌ఇడి బల్బులు పెట్టించాను. పది నిమిషాల పని. పాత బల్బు పీకాడు, కొత్తది అదే చోట తోశాడు, మూత పెట్టాడు. తిరిగి వస్తుంటే రోడ్డంతా పట్టపగలే. చెట్టు మీద ముడుచుకుని కూర్చున్న కాకులు కూడా కనిపించాయి. మురిసిపోయాను. ఎదురుగా వచ్చే లారీవాళ్లు నన్ను చూసి లైట్లు కొట్టి కొట్టి పోతుంటే, పాత కారు చూసి ముచ్చటపడుతున్నారనుకున్నాను. లెక్కల టీచరు తెలివి అలా ఉంది.

నాలుగో రోజు సాయంత్రం బడి నుంచి వస్తున్నాను. ఒక మలుపు దగ్గర మోపెడ్ మీద ఒక పెద్దాయన ఎదురయ్యాడు. డెయిరీలో పాలు పోసి ఖాళీ క్యానుతో ఇంటికి పోతున్నాడు. నా కారు ఆయనకి తగల్లేదు. దగ్గరికి కూడా పోలేదు. నేను చూస్తుండగానే బండి తిన్నగా రోడ్డు దిగి కాలవలోకి పోయింది. కారు ఆపి పరుగెత్తాను. ఒక మోచెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కళ్లు కప్పుకుని కూర్చున్నాడు. నా లైట్లు ఇంకా ఆయన మీదే ఉన్నాయి.

"ముందు ఆ లైటు ఆపమ్మా. కండ్లల్లో సూదులు దిగినట్టుండాది. రోడ్డు యాడుందో కనపళ్లేదు" అన్నాడు.

మోచేతి ఎముక చిట్లింది. ఆసుపత్రిలో కట్టు కట్టించి, వాళ్ల ఊరికి తీసుకుపోయి దింపాను. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. దిగేటప్పుడు మాత్రం, "పేటలో లైట్ల మేస్త్రి అని ఒకాయన ఉండాడు. ఆయనకి చూపించు తల్లీ. లేకుంటే ఇంగొకడు పడతాడు" అన్నాడు.

మర్నాడు సెలవు పెట్టి, పగటిపూట, లైట్లు వెయ్యకుండా కారు తీసుకుని మేస్త్రి కొట్టుకి పోయాను.

జరిగిందంతా చెప్పాను. ఆయన విన్నాడు. అరవై అయిదు దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, చెవి మీద సుద్దముక్క పెట్టుకుని ఉన్నాడు. విన్నంతసేపూ ఒక్కసారి కూడా నా ముఖం చూడలేదు. నా ఎడమ భుజం పక్కన ఇంకెవరో నిలబడినట్టు అటే చూస్తున్నాడు. ఒక మనిషిని కాలవలో పడేసినదాన్ని, ముఖం చూడ్డానికి కూడా ఈయనకి అసహ్యంగా ఉందనుకున్నాను. నాకు నోరు ఆగదు.

"తప్పు చేసినాను, ఒప్పుకుంటాను అన్నా. ముఖం చూసి మాట్లాడితే ఏం పోతాది?" అన్నాను.

ఆయన తడబడిపోయాడు. "అట్ల కాదమ్మా... అట్ల కాదు" అంటూ ఇంకాస్త పక్కకి తిరిగాడు. అప్పుడే కాఫీ తెచ్చిన ఆయన భార్య పకపకా నవ్వింది.

"ఆయప్ప ఎవురి ముఖమూ చూడడమ్మా. గనిలో చేసినోళ్ల రోగం అది. లోపల తలకాయ మీద లైటు ఉంటాది గదా. నేరుగా చూస్తే ఎదుటోని కండ్లు పోతాయి. ముఖం పక్కకి తిప్పే మాట్లాడల్ల. పెండ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా మా పిన్నమ్మనే చూసినాడు, నన్ను చూళ్లేదు" అంది.

గని మూసి అప్పటికే ఇరవై ఏళ్లు కావస్తోంది. తల మీద టోపీ లేదు, టోపీకి లైటు లేదు. మెడ మాత్రం మర్చిపోలేదు. నేను అరిచినందుకు సిగ్గుపడి కాఫీ తాగాను. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడేటప్పుడు నేనూ ఆయన భుజం వైపే చూసేదాన్ని. అలా అయితే ఇద్దరికీ సుళువుగా ఉండేది.

కారు మూడు రోజులు ఉంచుకున్నాడు. హైవే కొట్టువాడు పది నిమిషాల్లో చేసిన పనికి మూడు రోజులేమిటని నేను రోజూ పోయి నిలబడేదాన్ని. ఆయన హెడ్‌లైటు ఊడదీసి, లోపలి మెరిసే గిన్నెని ఒళ్లో పెట్టుకుని చూపించాడు.

"ఈ గిన్నె పాత బల్బుకని కొలత పెట్టి చేసిందమ్మా. ఆ బల్బులో తీగ యాడ వెలుగుతాదో, ఎల్‌ఇడి చుక్క కూడా సరిగ్గా ఆడనే కూర్చోవల్ల. దారమంత పక్కకి పోయినా గిన్నెకి తెలీదు పాపం, యాడికంటే ఆడికి విసిరేస్తాది. నీ లైటు రోడ్డు మీదికి కొంచెమే పోయింది. మిగిలిందంతా ఆ మోపెడాయన కండ్లల్లోకి పోయింది."

మూడు రకాల బల్బులు తెప్పించి మూడూ పక్కన పడేశాడు. నాలుగోదానికి మెడ దగ్గర తిప్పుకునే రింగు ఉంది. దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఒక పూటంతా కూర్చున్నాడు. స్కూల్లో నేను వృత్తలేఖిని పట్టుకుని పిల్లల్ని చంపుకుతినే తీరు గుర్తొచ్చింది. పాత వైర్ల తొడుగు ముట్టుకుంటే రాలిపోతోందని బ్యాటరీ నుంచి కొత్త వైర్లు లాగాడు. మధ్యలో ఒకసారి తల ఎత్తకుండానే అడిగాడు.

"పసుపు లైటు చాలదా నీకు?"

శుక్లాల సంగతి చెప్పాను. సాయంత్రాలు కనిపించకపోతే కారు అమ్మేయాల్సి వస్తుందనీ చెప్పాను. అమ్మితే ఏమవుతుందో చెప్పలేదు. ఆయన అడగలేదు. చేతిలో బల్బు అటూ ఇటూ తిప్పి, "అయితే చేద్దాం. నీకూ కనపడల్ల, వానికీ కనపడల్ల" అన్నాడు. ఇద్దరికీ కనపడాలంటున్నాడు సరే, ఆ 'వాడు' ఎవరో మొదట అర్థం కాలేదు. తర్వాత అయిదేళ్లపాటు ఆయన నోట ఆ మాట వింటూనే ఉన్నాను. ఎదురుగా వచ్చేవాడు. ఆయన లెక్కలో ప్రతి కారుకీ ఇద్దరు సొంతదారులు, తోలేవాడొకడు, ఎదురొచ్చేవాడొకడు.

మూడో రోజు సాయంత్రం పొద్దు గూకుతుండగా కారుని గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ పక్కన చదును నేలకి తీసుకురమ్మన్నాడు. అక్కడ పాత గని ఆఫీసు గోడ ఒకటి మిగిలి ఉంది. కారుని గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో నిలబెట్టించి, నేల నుంచి హెడ్‌లైటు నడిమికి టేపు పెట్టి కొలిచాడు. ఆ ఎత్తులో గోడ మీద సుద్దతో రెండు అడ్డగుర్తులు వేసి, వాటికి రెండంగుళాల కింద ఒక గీత గీశాడు. తర్వాత ఆయన చేసిన పని చూసి నాకు నవ్వొచ్చింది. సైకిలుకి కట్టుకొచ్చిన చిన్న చెక్క స్టూలు తీసి, గోడకి ఆనించి, నా కారుకి ఎదురుగా కూర్చున్నాడు.

"లైటు వెయ్యమ్మా!"

వేశాను. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ముఖం తిప్పకుండా, నేరుగా నా లైట్లలోకి చూశాడు. మనుషుల్ని చూడనివాడు హెడ్‌లైట్లని మాత్రం కళ్లార్పకుండా చూసేవాడు. "ఎదురు కారులో కూర్చున్నోని కన్ను ఈ ఎత్తులో ఉంటాది. వెలుగు గుండె దాకా రావల్ల. కంటికి రాకూడదు" అన్నాడు. లేచి వచ్చి స్క్రూ తిప్పాడు, మళ్లీ పోయి కూర్చున్నాడు. పైన ఉన్న స్క్రూ ఎత్తుకి, పక్కది పక్కకి అని నాకూ చూపించాడు. అలా ఎన్నిసార్లు లేచి కూర్చున్నాడో లెక్కపెట్టడం మానేశాను. చివరికి వెలుగు అంచు ఆయన చొక్కా రెండో గుండీ దగ్గర కత్తిరించినట్టు ఆగింది. పైన ముఖం చీకట్లో ఉండిపోయింది. ఆ చీకట్లోంచి చెయ్యి లేచింది.

"ఇంగ చాల్లేమ్మా."

కారు తిప్పి రోడ్డెక్కాక చూస్తే దారి ముందుకి పరుచుకుని, అంచులు రెండూ స్పష్టంగా, తెల్లగా కనిపించాయి. ఏడుపొచ్చింది. కారు దిగకుండా కళ్లు తుడుచుకున్నాను.

కొట్టులో ఆయనది ఇంకో పద్ధతి ఉండేది. గనిలో మొదట కొన్నేళ్లు లోపల చేసి, తర్వాత ల్యాంప్ రూములోకి వచ్చాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల, దాని మీద నంబరు. దీపం తీసుకునేటప్పుడు బిళ్ల ఇవ్వాలి, పైకి వచ్చి దీపం అప్పజెప్పి బిళ్ల వెనక్కి తీసుకోవాలి. షిఫ్టు అయ్యాక పలక మీద ఒక బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నాడని. ల్యాంప్ రూము వాళ్లు ఇంటికి పోకూడదు. గని మూసేటప్పుడు కొన్ని బిళ్లలు తెచ్చుకున్నాడట. కొట్టులో ఒక చెక్కకి రెండు వరసల మేకులు కొట్టి పెట్టుకున్నాడు. లైట్లు మార్చిన కారు బయటికి పోతే దాని పేరిట ఒక బిళ్ల పై వరసలో పడేది. ఆ తొలి సాయంత్రం ఇల్లు చేరగానే ఆయనకి ఫోన్ కొట్టాలి. రెండు రింగులకి కట్ చేసి బిళ్లని కింద వరసలోకి మార్చేవాడు. అంతే, పని ముగిసినట్టు.

నాది పద్దెనిమిదో నంబరు. మొదటి సాయంత్రం చేరగానే ఫోన్ కొట్టాను, కట్ అయ్యింది. రెండో సాయంత్రం కూడా కొట్టాను. ఎందుకు కొట్టానో మీకు చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. తాళం తీసి, చెప్పులు విడిచి, చీకటి హాల్లో నిలబడ్డాను. చేరినానని చెప్పడానికి ఎవరో ఒకరు ఉండాలనిపించింది. మా ఆయన ఉన్నప్పుడు ఆ మాట చెప్పేదాన్నే కాదు, లోపలికి పోతే తెలిసిపోయేది కదా. మేస్త్రి కట్ చేశాడు. మూడో రోజూ కొట్టాను. ఒకరోజుకే అని ఆయన ఎప్పుడూ అనలేదు. రోజూ పొద్దున నా బిళ్ల పై వరసలోకి ఎక్కేది, సాయంత్రం నేను కొట్టాక కిందికి దిగేది. అలా అయిదేళ్లు గడిచిపోయాయి. ఒకసారి స్కూల్ డే అయ్యేసరికి ఆలస్యమై, ఎనిమిది దాటాక గుర్తొచ్చి కొట్టాను. మర్నాడు కొట్టు ముందు కారు ఆపితే ఎటో చూస్తూ, "నిన్న నాలుగు తూర్లు కాఫీ తాగినానమ్మా. మీ అక్క తిట్టింది" అన్నాడు. నేను చేరేదాకా షట్టరు దించడని ఆ రోజే తెలిసింది.

ఆయనకి నేను ఇచ్చింది సుద్దముక్కలే. స్కూల్లో నల్లబల్ల దగ్గర మిగిలిపోయే పొట్టివి, చివరివి. ఒకసారి కొత్త డబ్బా తీసుకుపోతే ముట్టుకోలేదు. "నిండుది పిల్లోళ్లకి ఉంచు టీచరమ్మా. నాకు రెండు గుర్తులే గదా" అన్నాడు. శనివారం శనివారం కాగితం పొట్లంలో ముక్కలు ఇచ్చేదాన్ని, ఒకటి చెవి మీద పెట్టుకుని మిగిలినవి బల్ల సొరుగులో వేసుకునేవాడు.

చివరి రెండేళ్లు కొట్టులో పని బాగా తగ్గింది. బుల్లెట్లకీ జీపులకీ నీలం తెలుపు దీపాలు కావాలని కుర్రవాళ్లు వచ్చేవాళ్లు. ఆయన స్టూలు తీసేవాడు. నువ్వొచ్చి ఈడ కూర్చో, నీ లైటు నువ్వే చూసుకో అనేవాడు. ఒకడు కూర్చునేవాడు, పదిమంది నవ్వుకుంటూ పోయేవాళ్లు. నాకే కోపమొచ్చేది. పోనిద్దురూ, అడిగింది పెట్టి పంపెయ్యొచ్చు కదా అని ఒకసారి సతాయించాను. ఆయన వైరు చుట్టుకుంటూ, "ఎదురొచ్చేవాడు కూడా ఇంటికే పోతా ఉండాడు గదమ్మా" అన్నాడు. 

ఇక చెప్పక తప్పని సంగతికి వచ్చాను.

పోయిన నెల శనివారం సుద్దముక్కలు ఇవ్వడానికి ఆగితే, కారు చుట్టూ తిరిగి వెనక భాగం నొక్కి చూశాడు. "వెనకాల స్ప్రింగు పట్టీలు కూర్చుండి పోయినాయమ్మా. వెనక దిగితే ముందు లైటు పైకి లేస్తాది. ఒక సాయంత్రం దిబ్బ కాడికి తీసుకురా, దించుతాను. మర్చిపోవద్దు" అన్నాడు. సరే అన్నాను. మర్చిపోలేదు కానీ పోలేదు. ఇవాళ రేపు అనుకుంటూ మూడు వారాలు దాటించాను. ఎదురుగా వచ్చేవాళ్లు అడపాదడపా లైటు కొడుతూనే ఉన్నారు. ఈసారి ముచ్చటపడుతున్నారని అనుకోలేదు, ఎందుకో నాకు తెలుసు.

ఇంతలో మా ఆయన తిథి వచ్చింది. ఏడాదికేడాది తేలికవుతుందంటారు. నాకు ఈ ఏడాది రాయి మాదిరి మీద పడింది. జ్వరమని బడికి అబద్ధం చెప్పి పదిరోజులు సెలవు పెట్టాను. తలుపు వేసుకున్నాను. ఎక్కడికీ పోలేదు కాబట్టి చేరానని చెప్పాల్సిన పని లేదు. ఫోన్ కొట్టలేదు.

ఎనిమిదో రోజు, గురువారం, సాయంత్రం అయిదున్నరకి గేటు చప్పుడైంది. పరదా పక్కనుంచి చూస్తే మేస్త్రి. సైకిలు గోడకి ఆనించి నిలబడ్డాడు. బెల్లు రెండుసార్లు కొట్టాడు. "టీచరమ్మా" అని పిలిచాడు. రెండోసారి "అమ్మా" అని మాత్రమే అన్నాడు.

నేను కదల్లేదు. నూనె లేని తల, మూడు రోజుల నాటి చీర. తలుపు తీస్తే మాట్లాడాలి, ఎలా ఉన్నావంటే చెప్పాలి. పరదా పట్టుకుని, వెళ్లిపోతే బాగుండు, వెళ్లిపోతే బాగుండు అనుకుంటూ నిలబడ్డాను. నా కోసం పనిగట్టుకుని వచ్చిన ఒకే ఒక్క మనిషి గురించి అలా అనుకున్నాను.

ఆయన వెళ్లిపోలేదు. వీధిలో నిలబెట్టి ఉన్న నా కారు దగ్గరికి పోయాడు. జేబులోంచి టేపు తీసి, వంగి, నేల నుంచి హెడ్‌లైటు నడిమికి కొలిచాడు. వంగినవాడు లేవడానికి బానెట్ పట్టుకోవాల్సి వచ్చింది. మా ఇంటి ముందు చిన్న ఖాళీ స్థలం, దానికి అవతల పాడుబడిన క్వార్టర్సు గోడ. అడుగులు లెక్కపెట్టుకుంటూ గోడ దాకా నడిచి, చెవి మీద సుద్దముక్క తీసి, రెండు అడ్డగుర్తులూ కింద ఒక గీతా వేశాడు. తిరిగి వచ్చి గేటు దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు. కిటికీ వైపు చూడలేదు. కిటికీకి కాస్త పక్కగా, గోడ వైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. తర్వాత సైకిలెక్కి పోయాడు. ఆయన అలా ముఖం తిప్పేది ఎదుట మనిషి ఉంటేనే అని అప్పుడు నాకు తట్టలేదు.

సోమవారం నుంచి బడికి పోదాం, ఆ సాయంత్రమే మేస్త్రికి కారు చూపిద్దాం అనుకున్నాను. సోమవారం వాన తుంపర పడుతుంటే ఇంకొక రోజు ఆగాను. మంగళవారం పొద్దున ఆ ఫోన్ వచ్చింది.

మధ్యాహ్నం చర్చి ముందు పెట్టెలో పడుకోబెట్టి ఉంచారు. తెల్ల చొక్కా వేశారు. పాత గని మనుషులు పదిహేనుమంది దాకా వచ్చారు, అందరూ పెద్దవాళ్లు. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుంటే చూశాను, ప్రతి ఒక్కరూ ముఖం పక్కకే తిప్పి మాట్లాడుతున్నారు. నేను పెట్టె దగ్గరికి పోయి వంగాను. ఆ ముఖాన్ని అంత దగ్గరగా, నేరుగా చూడడం నాకు అదే మొదటిసారి. కుడి కనుబొమ మధ్యలో ఒక పాత గాటు ఉంది. అయిదేళ్లలో దాన్ని ఎప్పుడూ చూడలేదు.

మట్టి వేసి వచ్చాక ఆయన భార్య పక్కన కొట్టులో కూర్చున్నాను. చెప్పకపోతే ఉండలేనని చెప్పేశాను.

"అక్కా, గురువారం అన్న మా ఇంటికి వచ్చినాడు. నేను లోపలే ఉండి తలుపు తియ్యలేదు."

ఆమె ఏడుపు ఆపి నన్ను చూసింది. లేచి, చెక్క మీద బిళ్లలున్న చోటుకి పోయి వేలు పెట్టి చూపించింది. పద్దెనిమిదో నంబరు కింద వరసలో ఉంది.

"వారం దినాలు నీ బిళ్ల పైననే ఉండింది. టీచరమ్మ ఫోన్ రాలేదు, రాలేదు అని ఒకటే గొణుగుడు. ఆ పొద్దు మీ ఇంటి నుంచి వచ్చినాక దాన్ని తీసి కింద తగిలించినాడు. ఏం, మాట్లాడినావా అంటే, లేదు, పరదా వెనకాల ఉండాది, తలుపు తీసేకి మనసు లేదేమో, ఉండనీలే, ఇంట్లోనే ఉండాది గదా అన్నాడు. అనేసి, షట్టరు దించి వచ్చి అన్నం తిన్నాడమ్మా."

నేను ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. ఓదార్చడానికి పోయినదాన్ని ఆమె చేత ఓదార్పించుకున్నాను. వచ్చేటప్పుడు ఆమె స్టూలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నేను కింద కూర్చునేదాన్నే, నాకెందుకమ్మా ఇది. నువ్వు తీసుకుపో" అంది.

నిన్న సాయంత్రం పొద్దు గూకాక మా ఆయన స్క్రూడ్రైవరు వెతికి తీశాను. తుంపరకి ఒక అడ్డగుర్తు సగం చెరిగింది, గీత మాత్రం నిలిచింది. కారుని గోడకి ఎదురుగా తిప్పి, ఇరవై అయిదు అడుగులు కొలిచి నిలబెట్టి, లైటు వేశాను. వెలుగు గీత దాటి జానెడు పైకి పోయింది. ఆ మూడు వారాలూ ఎంతమంది కళ్లలో పడిందో. పైన ఉన్న స్క్రూ తిప్పాను. గోడ దగ్గరికి నడిచి స్టూలు మీద కూర్చుని చూశాను, కళ్లు జివ్వుమన్నాయి. లేచి కారు దగ్గరికి వచ్చాను. మళ్లీ తిప్పాను, మళ్లీ పోయి కూర్చున్నాను. ఒక్క మనిషి చేస్తే ఎంత నడకో ఇప్పుడు తెలిసింది. మోకాళ్లు నొప్పెట్టాయి. ఆయన ఇదంతా ప్రతి కారుకీ చేశాడు.

ఎన్నోసారో కూర్చున్నప్పుడు వెలుగు నా గుండె మీద వచ్చి ఆగింది. చీర అంచు మీది పోగులు కూడా తెల్లగా కనిపిస్తున్నాయి. కళ్లలోకి మాత్రం ఏమీ రాలేదు. కారు అద్దం వెనక స్టీరింగు చక్రం, ఖాళీ సీట్లు రెండూ మసకగా కనిపించాయి. చెయ్యి పైకి ఎత్తాను.

"ఇంగ చాల్లే" అన్నాను.

కారులో ఎవరూ లేరు. లైటు ఆపాలంటే నేనే లేచి పోవాలి. ఆ స్టూలు మీద కాసేపు అలాగే కూర్చుండిపోయాను.